నాచు తినే చేపకు నాచు పెట్టే తీరు

కోనసీమలో నీరు నిలిచిన చోటల్లా నాచు ఉంటుంది. కొబ్బరి తోటల బోదెల్లో, ఊరి చెరువుల్లో, పంట కాలువల అంచుల్లో, కౌశిక, కూనవరం వంటి మురుగు డ్రెయిన్లలో ఒకచోట గుర్రపుడెక్క, మరోచోట అంతరతామర, నీటి అడుగున దట్టంగా అల్లుకున్న నాచు కనిపిస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి ఈ లంకల నేలకు కాలువ నీళ్లు వచ్చినప్పటి నుంచీ ఆ కాలువల్లో కలుపు తీయడం తప్పని పనే. తీసిన నాచును గట్టున పోస్తాం, అది అక్కడే కుళ్లుతుంది. అదే గట్టుకు అవతల చేపల చెరువు ఉన్న రైతు నూనె తీసిన తవుడును, వేరుశనగ చెక్కను బస్తాల లెక్కన కొంటూ ఉంటాడు. ఈ రెండింటి మధ్యా ఉండాల్సిన జీవి ఒకటుంది. దాని పేరులోనే దాని మేత ఉంది: గడ్డిచేప. అయినా ఈ చేపను చెరువులో వేసిన రైతుల్లో చాలామంది చెప్పే మాట ఒక్కటే. అది నాచు ముట్టదని, తవుడు సంచి దగ్గరే తిరుగుతుందని. ఇంట్లో గాజు తొట్టెలో ఆకుమేత చేపలు పెంచేవారి ఫిర్యాదు కూడా అచ్చం ఇదే. సముద్రపు నాచు తెచ్చి వేస్తే చేప మూతి తిప్పుకుంటుందని, గుళికల మేత వేస్తేనే పైకి వస్తుందని అంటారు. ఈ రెండు ఫిర్యాదుల్లోనూ తప్పు చేపది కాదని, నాచు పెట్టే వయసులో, వేళలో, చోటులో, తీరులో తప్పు జరుగుతోందని నా అభిప్రాయం. చేప ఒంటి నిర్మాణం తెలిస్తే ఈ సంగతి సులభంగానే అర్థమవుతుంది.

గడ్డిచేప పుట్టిల్లు తూర్పు ఆసియా నదులు. 1959లో హాంకాంగ్ నుంచి కటక్‌లోని కేంద్ర చేపల పరిశోధన కేంద్రానికి దీని పిల్లలను తెచ్చారు. అంతకు రెండేళ్ల ముందే, 1957 జూలై 10న, హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసం ఎక్కించి మన చేపల చేత చెరువు నీటిలోనే గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు దేశమంతటా చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ పద్ధతితోనే 1962లో కటక్‌లో గడ్డిచేప చేత కూడా గుడ్లు పెట్టించారు. ఆ తరువాత బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అనే మన మూడు చేపలకు గడ్డిచేప, వెండిచేప, బంగారుతీగ అనే మూడు పరాయి చేపలను జతచేసి ఒకే చెరువులో ఆరు రకాలను పెంచే మిశ్రమ పెంపకం 1970లలో దేశమంతా పాకింది. అందులో ఒక్కో చేపకు ఒక్కో మేత, ఒక్కో అంతస్తు. బొచ్చె పైనీటిలో తింటుంది, శీలావతి నడుమ, ఎర్రమోసు అడుగున. కలుపు తినే పని గడ్డిచేపకు అప్పగించారు. అంటే ఈ చేపను మన దేశానికి తెచ్చిందే నాచు తినిపించడానికి. అలాంటి చేపకు తవుడు పెట్టి, అది నాచు తినడం లేదని అనుకుంటున్నాం.

గడ్డిచేప నోటిలో పళ్లుండవు. దాని పళ్లు గొంతులో ఉంటాయి, రెండు వైపులా దువ్వెన పళ్లలా గరుకుగా. ఆకును పెదవులతో పట్టి లాగి, తెంపి, ఈ గొంతు పళ్ల మధ్య వేసి చీలుస్తుంది. ఆకులోని కణాల గోడలు చీలితేనే లోపలి సారం దానికి అందుతుంది. ఎందుకంటే దీనికి ఆవుకున్నట్టు నాలుగు అరల పొట్ట లేదు. నిజానికి పొట్టే లేదు, పేగు మాత్రమే ఉంది. గడ్డి తినే జీవికి ఉండాల్సినంత పొడవు ఆ పేగుకు కూడా లేదు. అందువల్ల తిన్నదాంట్లో సుమారు సగమే ఒంటికి పడుతుంది, మిగిలింది పచ్చిగానే బయటికి వస్తుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి ఎక్కువ తింటుంది. నీరు వెచ్చగా ఉన్న రోజుల్లో తన బరువంత పచ్చి నాచును, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువను ఒక్క రోజులో తినేస్తుంది. రెండు సంగతులు ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. గొంతు పళ్లు ఎంత గట్టిపడితే అంత గట్టి ఆకును చీల్చగలదు. మేత ఎంత పలచనైతే అంత ఎక్కువసేపు తింటూనే ఉండాలి. నాచు తినలేదని మనం అనుకునే సందర్భాల్లో చాలావరకు ఈ రెండింటిలో ఒకటి మరిచిపోయి ఉంటాం.

ముందు వయసు సంగతి. గుడ్డులోంచి వచ్చిన గడ్డిచేప పిల్ల ఆకు తినదు. నీటిలో కంటికి కనీకనపడని పురుగులను తింటుంది. అంగుళం దాటాక మెల్లగా మెత్తటి మొక్కల వైపు మళ్లుతుంది. అప్పుడు కూడా దానికి సరిపడేవి అజొల్లా అనే తేలే మొక్క, నీటిపై ఆవగింజంత ఆకులతో పరుచుకునే పచ్చటి పొర వంటివే. నీటి అడుగున మూరల పొడవున పెరిగిన నాచును లాగి తెంపడానికి దానికి ఇంకా బలం రాదు. అయినా చవకగా వస్తాయని అంగుళం, ఒకటిన్నర అంగుళాల పిల్లలను తెచ్చి నాచు నిండిన చెరువులో వేస్తారు. ఆ పిల్లల్లో చాలావరకు కొరమీను నోట్లో పడతాయి. మిగిలినవి పురుగులు తిని బతుకుతాయి. నాచు మాత్రం ఉన్నట్టే ఉంటుంది. నాలుగు నుంచి ఆరు అంగుళాల పిల్లను, వీలైతే చిన్న మడుగులో అజొల్లాకు అలవాటు చేసిన పిల్లను వేస్తే ఫలితం వేరుగా ఉంటుంది. నాచు తినని చేపగా పేరు పడినవాటిలో ఎక్కువ భాగం నిజానికి నాచు తినే వయసు రాని చేపలే.

ఇక అలవాటు. గోదావరి జిల్లాల్లో తవుడును రంధ్రాలున్న సంచుల్లో నింపి, నీటిలో పాతిన కర్రలకు కట్టి వేలాడదీస్తారు. చేప వచ్చి రంధ్రం దగ్గర నోరు పెట్టి లాక్కుని తింటుంది. శీలావతికి ఇది మంచి పద్ధతి. ఇదే సంచి దగ్గరికి గడ్డిచేప కూడా వస్తుంది. పళ్లతో చీల్చే పని లేకుండా, రోజంతా మేసే పని లేకుండా బలమైన మేత దొరికితే ఏ జీవి వదులుకుంటుంది? ఆత్రేయపురం పూతరేకులు ముందు పెట్టి, పక్కనున్న తోటకూర ముట్టలేదని పిల్లవాణ్ణి తప్పుపడితే ఎలా ఉంటుందో, ఈ చేపను తప్పుపట్టడమూ అలాగే ఉంటుంది. పైగా గడ్డిచేపకు ఆకుల్లో కూడా ఇష్టాయిష్టాలు గట్టిగానే ఉన్నాయి. నాచు ఉన్నంతకాలం ముదురు గడ్డి జోలికి పోదు. గుర్రపుడెక్కను, అంతరతామరను గతిలేకపోతే తప్ప తాకదు, తాకినా లేత వేళ్లను కొరికి వదిలేస్తుంది. గుర్రపుడెక్క చెరువులో గడ్డిచేపలు వేసి అది పోతుందని ఎదురుచూసినవారు నిరాశపడ్డారంటే వింతేమీ లేదు. ఆ కలుపును మనిషో యంత్రమో తీయాల్సిందే.

సముద్రపు చేపల తొట్టెలో ఇదే సూత్రం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పగడపు దిబ్బల మీద బతికే సర్జన్‌ఫిష్ జాతి చేపలు తెల్లవారిన దగ్గరి నుంచి పొద్దుగూకే దాకా రాళ్ల మీద పాచిని గీరుకుంటూ మేస్తూనే ఉంటాయి. వీటి పేగుల్లో నాచును పులియబెట్టి చేపకు అందించే సూక్ష్మజీవులు కాపురముంటాయి. వాటిలో ఒకటి మరీ విచిత్రమైనది. 1985లో ఎర్రసముద్రపు సర్జన్‌ఫిష్ పేగులో దాన్ని మొదట కనుగొన్నారు. సూక్ష్మదర్శిని లేకుండా మామూలు కంటికి కనిపించేంత పెద్దది కావడంతో అది బ్యాక్టీరియా అయి ఉంటుందని ఎవరూ అనుకోలేదు. 1993లో గాని అది బ్యాక్టీరియానే అని తేలలేదు. ఇలాంటి పేగున్న చేపకు రోజుకు రెండు పూటలు మాంసపు గుళికలు వేసి, వారానికోసారి నాచు ముక్క చూపిస్తే అది తినదు. ఒకటి, కడుపు నిండి ఉంటుంది. రెండు, నీటిలో వదులుగా తేలిపోయే ఆకును అది మేతగా గుర్తించదు, రాతికి అంటుకుని కదలాడేదాన్ని గుర్తిస్తుంది. అందుకే నాచును చిన్న రాతికి దారంతో కట్టి, లేదా తొట్టె గోడకు క్లిప్పుతో బిగించి, నీటి ధార తగిలే చోట పెట్టాలి. ఉదయం మొదటి మేత అదే కావాలి. గుళికలు సాయంత్రానికి, అదీ సగానికి తగ్గించాలి. రెండు మూడు రోజులు ముట్టకపోయినా కంగారుపడకుండా పాత ముక్క తీసి కొత్త ముక్క కట్టాలి. నాచుకు అలవాటైన చేప ఒకటి అదే తొట్టెలో ఉంటే పని మరీ సులువు, ఒకదాన్ని చూసి మరొకటి నేర్చుకోవడం చేపల్లో బాగా ఉంది.

నాచు ఎక్కడ దొరుకుతుందన్నది కోనసీమవాసికి సహజంగానే వచ్చే ప్రశ్న. అంతర్వేది, ఓడలరేవు తీరాల్లో సముద్రం ఉంది గాని సముద్రపు నాచు పెద్దగా లేదు. గోదావరి పాయలు తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు మీద అది వేళ్లూనలేదు. దానికి రాయి కావాలి. ఆ రాళ్లు విశాఖ తీరంలో ఉన్నాయి, అక్కడ లేత ఆకుపచ్చ ఉల్వా నుంచి గోధుమరంగు సర్గాసం దాకా పెరుగుతాయి. అంత దూరం పోలేనివారికి జపాన్‌వారు అన్నం చుట్టడానికి వాడే ఎండు నాచు రేకులు పట్నాల్లో దొరుకుతాయి. ఉప్పు, నూనె, మసాలా పూయనివి చూసి కొనాలి. మంచినీటి తొట్టెలకైతే ఇంత శ్రమ కూడా అక్కరలేదు. పాలకూరను వేడినీటిలో ఒక్క నిమిషం ముంచి తీస్తే మెత్తబడి, నీటిలో మునుగుతుంది. దాన్ని రాతికి కట్టి వేస్తే చాలు. రూప్‌చంద్ చేప పిల్లను అందంగా ఉందని తొట్టెలో వేసుకునేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. దాని సొంత ఊరు అమెజాన్. అక్కడ వరదలకు మునిగిన అడవిలో చెట్ల నుంచి రాలిన పళ్లు, గింజలు తిని పెరిగే చేప అది, కాబట్టి నాచు తినలేదని దాన్ని తప్పుపట్టకూడదు.

చెరువుకు తిరిగి వద్దాం. తొట్టెలో రాయి చేసే పనిని చెరువులో వెదురు చట్రం చేస్తుంది. నాలుగు వెదురు బొంగులు కట్టి నీటిపై తేలేలా ఒక చోట నిలిపి, అందులో నాచు వేయాలి. తవుడు సంచులున్న వైపు కాకుండా ఎదురు గట్టు వైపు నిలపాలి. ఉదయం ముందు నాచు వేసి, గడ్డిచేపలు అక్కడ చేరిన తరువాతే సంచులు దించాలి. సాయంత్రానికి చట్రంలో ఏం మిగిలిందో చూసి మరునాటి కొలత నిర్ణయించాలి. మిగిలిన కాడలు కచ్చితంగా తీసేయాలి, అవి కుళ్లితే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోయి చేపలు పైకి తేలతాయి. మబ్బు పట్టిన రోజున కొలత తగ్గించాలి. డిసెంబరు, జనవరి చలిలో దాని ఆకలి ఎలాగూ మందగిస్తుంది. నాచు తక్కువైన నెలల్లో కొత్తపేట, రావులపాలెం వైపు లంకల్లో అరటి ఆకుకు లోటు లేదు. రావులపాలెం మార్కెట్టుకు వచ్చే గెలల వెనుక తోటలో మిగిలే ఆకంతా మేతే. పెద్ద చేపలకు చీరికలుగా, చిన్నవాటికి ఇంకా సన్నగా కోసి వేస్తే చాలు.

దీనికి రైతులు చెప్పే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది ఎదుగుదల. నాచులో తొంభై శాతం దాకా నీరే. ఒక కిలో చేప పెరగాలంటే పదుల కిలోల పచ్చి నాచు కావాలి. తవుడుతో, గుళికలతో పెరిగినంత త్వరగా నాచుతో పెరగదన్న మాట నిజం. కాని ఈ లెక్క గడ్డిచేప ఒక్కదాన్నే చూస్తుంది. అది అరిగించుకోలేక వదిలిన సగం మేత చెరువుకు ఎరువవుతుంది. ఆ ఎరువుతో నీటిలో పెరిగే పచ్చదనాన్ని వెండిచేప, దాని మీద బతికే పురుగులను బొచ్చె తింటాయి. చైనా రైతులు గడ్డిచేపను శతాబ్దాలుగా ఇతర చేపలతో కలిపి పెంచుతున్నది ఈ లాభం కోసమే. నూటికి ఐదు నుంచి పది గడ్డిచేపలున్న చెరువులో వాటి ఎదుగుదల కొంచెం నెమ్మదైనా మొత్తం చెరువు లెక్క వేరుగా తేలుతుంది. రెండోది కూలి. నాచు తీసి మోసుకొచ్చి వేయడానికి మనిషి కావాలి. ఇది గట్టి అభ్యంతరమే. చెరువు గట్టు పక్కనే బోదెలో నాచు ఉన్నవారికి గిట్టుతుంది, మైళ్ల దూరం నుంచి బండి కట్టి తెచ్చేవారికి గిట్టకపోవచ్చు. తోటలోనే చెరువు, బోదె, అరటి పక్కపక్కన ఉన్న చిన్న రైతుకే ఈ పద్ధతి ఎక్కువగా సరిపోతుంది. వందల ఎకరాల్లో శీలావతిని పెంచి దూరపు మార్కెట్లకు లారీలెక్కించే పెద్ద రైతుకు ఇది అవసరమని నేను అనను.

మూడో అభ్యంతరం భయానికి సంబంధించింది, అది న్యాయమైన భయం. గడ్డిచేప బయటపడితే వరి నారును కూడా మేస్తుంది. పరాయి చేప నదిలో పడితే ఏమవుతుందో కూడా ఆలోచించాలి. ఈ విషయంలో అమెరికా అనుభవం చెప్పుకోదగ్గది. మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా నాచును 1950లలో అక్వేరియం వ్యాపారం కోసం శ్రీలంక నుంచి ఫ్లోరిడాకు తీసుకెళ్లారు. తొట్టెలోంచి బయటపడిన ఆ మొక్క కాలువలను, సరస్సులను కమ్మేసింది. 1977 నాటికి కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ సాగునీటి కాలువల్లోనూ కనిపించింది. దాన్ని అణచడానికి 1980లలో అక్కడ గడ్డిచేపలను వదిలారు, నాచు దాదాపు మాయమైంది. అయితే వదిలింది మామూలు గడ్డిచేపలను కాదు. గుడ్లపై ఒత్తిడి పెట్టి క్రోమోజోముల జతకు బదులు మూడేసి ఉండేలా చేసిన, సంతానం కలగని చేపలను. అంత జాగ్రత్త తీసుకున్న దేశంలో కూడా అంతకు ముందు అజాగ్రత్తగా వదిలిన గడ్డిచేపలు కొన్ని పెద్ద నదుల్లో పిల్లలు పెట్టి స్థిరపడ్డాయి. మన దగ్గర ఆ జాగ్రత్త లేనంతవరకు గడ్డిచేపను కాలువల్లో, డ్రెయిన్లలో వదలాలన్న సలహాను నేను సమర్థించను. ఎలాగూ వేసవిలో కాలువలు కట్టేస్తే నీరు ఎండిపోతుంది. డ్రెయిన్ల నీరు సముద్రానికి పోతుంది. శంకరగుప్తం డ్రెయిన్ వంటి చోట ఉప్పునీరే ఎగదన్నుకొస్తుంది. అక్కడ ఈ చేపకు బతుకే లేదు. తూముకు సన్నటి వల బిగించిన, వరదకు మునగని చెరువే దానికి చోటు. తాగునీటి చెరువుల్లో కూడా వేయకూడదు, నాచు పోయినా దాని విసర్జన వల్ల నీరు పచ్చబడుతుంది. ఊరి చెరువులో అయితే నాచంతా ఖాళీ అయ్యేంతగా వేయకూడదు. కొరమీను గూడు కట్టేది, పిల్లలను దాచుకునేది ఆ నాచులోనే. కోనసీమ చెరువుల్లో కొరమీను నిలవాలంటే కొంత నాచు ఉండాలి.

తొట్టెల చేపల విషయంలో ఈ హెచ్చరిక మరింత గట్టిగా చెప్పాలి. గోడల పాచి తింటుందని అమ్మే సక్కర్ చేప పెరిగి తొట్టె చాలకపోతే కొందరు కాలువలో వదిలేస్తారు. ఒళ్లంతా గట్టి పలకలున్న ఆ చేపను మన చేపలు తినలేవు. వలలో చిక్కితే వల చిరుగుతుంది. దెయ్యం చేప అని పేరు పెట్టి జాలర్లు తిట్టుకుంటున్నది దాన్నే. పాచి తినడం మంచి గుణమే. ఆ గుణమున్న చేపను నదిలో వదిలేంత బాధ్యతారాహిత్యం మాత్రం ఎవరికీ ఉండకూడదు. పెంచలేకపోతే కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వాలి.

చివరి అభ్యంతరం నాచులోని విషం గురించి. వరి పొలాల్లో చల్లిన పురుగుమందు మురుగు నీటితో డ్రెయిన్లలోకి దిగుతుంది. ఆ నీటిలో పెరిగిన నాచును చేపకు పెట్టడం మంచిది కాదు. మందు చల్లే రోజుల్లో డ్రెయిన్ల నాచు జోలికి పోకుండా తోట బోదెల నాచు, అరటి ఆకు వాడుకోవాలి. వేరే చెరువు నుంచి నాచు తెస్తే దానితోపాటు చేప పేను గుడ్లు, జలగలు రావచ్చు. పలచటి పొటాషియం పర్మాంగనేట్ నీటిలో కాసేపు ముంచి, మంచినీటిలో ఝాడించి అప్పుడు చట్రంలో వేయాలి. చివరగా, జూలైలో పిల్లను వదిలేవారు అంతకు ముందే ఒక చిన్న మడుగులో అజొల్లా పెంచి సిద్ధంగా ఉంచుకుంటే, పిల్ల చెరువులో పడిన మొదటి వారం నుంచే ఆకు రుచి మరిగి, తవుడు సంచి వైపు తిరగకముందే చట్రానికి అలవాటుపడుతుంది.